చెయ్యెత్తే బండి

ఆయన్ని అందరూ నున్నటి మేస్త్రి అంటారు. మనిషి నున్నగా ఉంటాడని కాదు. ముఖం నిండా గుంటలే, అరచేతులు చూస్తే ఎండిపోయిన చెరువు గుర్తొస్తుంది. నునుపు ఆయన పనిలో ఉంది. సొట్టపడ్డ కారు తలుపు ఆయన చేతికిస్తే, మూడో నాటికి దాని మీద చెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి జార్చుకుంటూ పోవచ్చు. సొట్ట ఎక్కడుండేదో పోలీసు కుక్క కూడా పసిగట్టలేదు. "మన మేస్త్రి గనక చందమామ మీద చెయ్యేస్తే ఆ మచ్చ కూడా పోతుంది" అని పక్క షెడ్డు టైర్లాయన అంటుండేవాడు. ఆ మాటకి మేస్త్రి పైకి నవ్వేవాడు కాదు గానీ లోపల మురిసిపోయేవాడు.

ఆ పని ఆయనకి నేర్పింది మేనమామ. చదువు అబ్బక, పద్దెనిమిదేళ్ళకి ఇంట్లో ఖాళీగా తిరుగుతుంటే తల్లి తీసుకెళ్ళి తమ్ముడి షెడ్డులో వదిలిపెట్టింది. బస్సుల డిపో వెనక వీధిలో రేకుల షెడ్డు అది. మధ్యలో మనిషి దిగేంత గొయ్యి, గోడవారగా చెక్క బల్ల, దాని మీద రకరకాల సుత్తులు, సొట్ట వెనక ఆనించి పట్టుకునే ఇనప దిమ్మెలు. ఎప్పుడు వెళ్ళినా పెయింటు వాసన, కాలిన ఇనుము వాసన.

మామకి తొందరన్నది లేదు. బండి లోపలికి రాగానే ముట్టుకునేవాడు కాదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో కాపలా అయ్యవారిలా దాని చుట్టూ తిరిగేవాడు. తలుపు తీసి వేసేవాడు, మళ్ళీ తీసేవాడు. అద్దం తిప్పే పిడి తిప్పి చూసేవాడు. ఇదంతా అయ్యాక అల్లుణ్ణి పిలిచేవాడు.

"ఒరే, ఏ బండిలోనైనా దాన్ని చేసినవాడు ఎక్కడో ఒకచోట సరదా పడి ఉంటాడు. ముందు ఆ సరదా ఎక్కడుందో కనిపెట్టు. సుత్తి తర్వాత పట్టుకుందువుగాని."

ఆ రోజుల్లో వచ్చే బండ్లలో అలాంటి సరదాలకి కొదవ లేదు. ఒక బండికి పెట్రోలు పోసే మూత ఎక్కడా కనపడేది కాదు. బంకుల్లో పనివాళ్ళు గొట్టం పట్టుకుని పోయిన దూడని వెతుక్కున్నట్టు చుట్టూ తిరిగేవాళ్ళు. మామ వెళ్ళి వెనక ఎర్రలైటుని వేలితో పక్కకి తిప్పేవాడు. మూత దాని వెనక నక్కి ఉండేది. ఇంకొక బండికి ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి, కూర్చున్నవాళ్ళు కుర్చీలోంచి లేచినట్టు లేచి బయటికి అడుగు పెట్టొచ్చు. ఒకదానికి ముందు అద్దం కిందనుంచి బయటికి తెరుచుకునేది. ఎండాకాలం నాలుగు వేళ్ళ సందిస్తే గాలి నేరుగా గుండెలకి తగిలేది, పురుగులు నోట్లో పడేవి. ఇంకొకదానికి డాష్‌బోర్డు మీద సన్నటి గాజు గొట్టం. అందులో ఏం పోస్తారో తెలీక మేస్త్రి దాన్లో బ్రేకు ఆయిలు పోశాడు. అది పువ్వు పెట్టుకోవడానికట. మామ ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

అన్నిటికంటే మామకి ముద్దొచ్చేది చెయ్యెత్తే బండి. అప్పటికింకా మిణుకు మిణుకుమనే ఇండికేటర్లు అన్ని బండ్లకీ రాలేదు. ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య ఉండే స్తంభంలో, భుజం ఎత్తున ఒక సన్నటి గాడి ఉండేది. మీట నొక్కితే ఆ గాడిలోంచి జానెడు పొడుగు చెయ్యి ఒకటి బయటికి లేచి అడ్డంగా నిలబడేది. దాని లోపల చిన్న దీపం. మలుపు అయిపోయాక చెయ్యి మళ్ళీ గాడిలోకి వాలిపోయేది. వయసు మీరిన బండ్లలో ఆ చెయ్యి మొరాయించేది. అప్పుడు డ్రైవరు లోపలనుంచి స్తంభాన్ని గుప్పిటతో ఒక్కటి గుద్దాలి.

"బండీ మనిషీ ఒకటేరా. ఒక్కోసారి వీపు మీద తట్టితే గాని మాట రాదు" అనేవాడు మామ.

మేస్త్రికి ఇవేవీ పట్టేవి కావు. గాడి ఉంటే వాననీళ్ళు దిగుతాయి, నీళ్ళు దిగితే తుప్పు, తుప్పు పడితే మళ్ళీ పని. రేకు మీద కన్నం, గాడి, అతుకు కనపడితే ఆయనకి పంటికింద రాయి పడ్డట్టుండేది. కాలం కూడా ఆయన పక్షానే వచ్చింది. ఆయనకి ముప్ఫయ్యేళ్ళొచ్చేసరికి పాత బండ్లవాళ్ళందరికీ తమ బండి కొత్తదానిలా కనపడాలన్న కోరిక పుట్టింది. చేతులు పీకించి లైట్లు పెట్టించుకునేవాళ్ళు, తెరుచుకునే అద్దాలు బిగించేయించుకునేవాళ్ళు, దాక్కున్న మూతల్ని బయటపెట్టించుకునేవాళ్ళు. గాడి మీద రేకు ముక్క వేసి అతికి, పైన లప్పం పట్టించి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది రంగు కొడితే, అక్కడ ఏదో ఉండేదన్న ఆనవాలే మిగిలేది కాదు. పీకినవన్నీ షెడ్డు వెనక కుప్పగా పడేవి. వారానికొకసారి పాత ఇనుమువాడు వచ్చి ఎత్తుకుపోయేవాడు. షెడ్డు మామదే అయినా బండ్లు అల్లుణ్ణి వెతుక్కుంటూ వచ్చేవి. మామ మెల్లమెల్లగా బల్ల చివరికి జరిగి, హారన్లు, తాళాలు, అద్దాల పిడులు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు.

టీచరమ్మ బండి వచ్చింది అలాంటి రోజుల్లోనే.

మేస్త్రికి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ఆ పిల్లకి నత్తి. బళ్ళో పాఠం చదవమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది, తోటి పిల్లలు నవ్వేవాళ్ళు. ఈ టీచరమ్మ రెండేళ్ళ పాటు రోజూ బడి విడిచాక ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, తొందరేం లేదమ్మా, నేనెక్కడికీ పోను, అని చదివించింది. మూడో ఏడు ఆ పిల్ల బడి వార్షికోత్సవంలో నిలబడి గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. ఆవేళ వెనక వరసలో కూర్చుని మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడకి ఏమిచ్చినా రుణం తీరదని ఇంట్లో భార్యతో అంటుండేవాడు.

టీచరమ్మ భర్త సర్వే ఆఫీసులో గుమాస్తా. నల్లటి చిన్న బండి ఒకటి ఎవరి దగ్గరో పాతది కొనుక్కుని పదిహేనేళ్ళు ప్రాణంలా చూసుకున్నాడు. ఆయన గుండెపోటుతో పోయిన మూడు నెలలకి, పక్కింటాయన చేత నడిపించుకుంటూ ఆవిడ ఆ బండిని షెడ్డుకి తెచ్చింది.

"కింద రేకు తుప్పు పట్టింది మేస్త్రిగారూ, అది చూడండి. ఈ పక్క చెయ్యి సరిగా లేవడం లేదు. ఆయనుంటే ఎలాగో లేపేవారు, నాకు చేతకావడం లేదు. అది లేస్తే చాలు. అంతే" అంది.

"డ్రైవింగు నేర్చుకుంటారా అమ్మా?"

"చూద్దాం. నెల్లాళ్ళు మా చెల్లెలింటికి వెళ్తున్నాను. వచ్చాక తీసుకెళ్తాను."

బల్ల చివర కూర్చుని మామ ఈ మాటలన్నీ విన్నాడు. మేస్త్రీ విన్నాడు. కానీ 'అంతే చాలు' అన్న మాట ఆయన చెవికి వేరేగా పడింది. పాపం, మొగుడు పోయిన మనిషి, ఇంతకన్నా చేయించుకునే తాహతు లేక అలా అంటోంది అనుకున్నాడు. ఆ రోజే నిర్ణయించుకున్నాడు. ఆవిడ జన్మలో చూడనంత బాగా చేసి పెట్టాలి, పైసా తీసుకోకూడదు.

మర్నాడే మామకి జ్వరం తగిలి మంచమెక్కాడు. మేస్త్రి మిగతా పనులన్నీ పక్కనపెట్టి పాతిక రోజులు ఆ బండి మీదే కూర్చున్నాడు. తుప్పు రేకు కోసి కొత్తది వేశాడు. రెండు చేతులూ ఊడబీకి గాడులు మూసేసి ముందూ వెనకా లైట్లు బిగించాడు. కారుతోందని ముందు అద్దం కదలకుండా చేశాడు. వెనక అద్దానికి చిన్న తెర ఉండేది. వెనకనుంచి వచ్చే బండ్ల వెలుగు కళ్ళల్లో పడకుండా డ్రైవరు తల పక్కనున్న తాడు లాగితే అది పైకి లేచేది. ఆ తాడుకి ముళ్ళు పడి ఉన్నాయని తెరతో సహా తీసి పారేశాడు. తలుపుల మధ్య స్తంభానికి లోపలివైపు భుజం ఎత్తున పిడికెడు మేర రంగు పోయి, రేకు తళతళా మెరుస్తూ కాస్త లోపలికి నొక్కుకుపోయి ఉంది. దానిమీద లప్పం పెట్టి నున్నగా తీశాడు. నలుపు దుఃఖంగా ఉంటుందని చివరికి రంగు కూడా మార్చి మీగడ రంగు కొట్టాడు.

జ్వరం తగ్గి మామ షెడ్డుకి వచ్చేసరికి బండి గుమ్మం ముందు మెరుస్తూ నిలబడి ఉంది. మామ చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగాడు. స్తంభం దగ్గర ఆగాడు.

"ఆవిడ ఏమంది?"

"ఏమంది?"

"చెయ్యి లేపమంది. నువ్వు చెయ్యి నరికేశావు."

మేస్త్రికి ఒళ్ళు మండింది. పాతిక రోజుల కష్టానికి ఒక్క మంచి మాట వస్తుందనుకున్నాడు మరి.

"నీకు చేతగాని పని నేను చేస్తే నీకు కంటగింపుగా ఉంది మామా. ఆ కుంటి చేతులూ ఆ గాజు గొట్టాలూ పట్టుకుని వేలాడితే మన షెడ్డుకి కాకులు తప్ప ఎవరూ రారు. ఇన్నాళ్ళూ ఈ షెడ్డు నడిచింది నా చేతి మీద."

పక్కన టైర్లాయన ఉన్నాడు, ఇద్దరు బండ్లవాళ్ళున్నారు. మామ బల్ల మీద గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు, అప్పటికింకా ఏ పనీ ముట్టుకోకపోయినా. మర్నాడు రాలేదు. ఆ తర్వాతెప్పుడూ రాలేదు. ఇంటి ముందు చిన్న బల్ల వేసుకుని స్టవ్వులూ తాళాలూ బాగుచేసుకుంటున్నాడని తెలిసింది. వెళ్ళి పిలుచుకురమ్మని భార్య పోరింది. "ఆయనే వస్తాడులే" అన్నాడు మేస్త్రి. ఒకసారి ఆ వీధి చివరిదాకా వెళ్ళి కూడా, ఇవాళ కాదులే అని వెనక్కి తిరిగొచ్చాడు.

నెల తిరిగాక టీచరమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది మాదేనా?"

"మీదేనమ్మా" అన్నాడు మేస్త్రి, ముఖం చాటంత చేసుకుని.

ఆవిడ నెమ్మదిగా బండి దగ్గరికి వచ్చింది. స్తంభం మీద చెయ్యి పెట్టింది. పైకీ కిందికీ, మళ్ళీ పైకీ రాసింది. వేలి కొసలతో వెతికింది.

"ఎక్కడుండేదో కూడా తెలియడం లేదు" అంది.

ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. మేస్త్రి కూతురి గురించి అడిగింది, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది, డబ్బు తీసుకోనంటే చాలాసేపు వాదించి ఊరుకుంది. పక్కింటాయన బండి నడుపుకుంటూ తీసుకెళ్ళాడు.

ఆ మాటని మేస్త్రి ఇరవై ఏళ్ళు బిరుదులా చెప్పుకున్నాడు. కొత్తగా ఎవరొచ్చినా, "ఒకావిడ తన బండి మీద తనే చెయ్యి పెట్టి, ఎక్కడుండేదో తెలియడం లేదంది, అదీ మన పని" అనేవాడు. ఆవిడ రెండు నెలలు తిరక్కుండా బండి అమ్మేసిందని విన్నప్పుడు కూడా, పోనీలే, మన పనివల్ల మంచి ధర వచ్చుంటుంది అనుకున్నాడు.

షెడ్డు మానేసిన ఆరేళ్ళకి మామ పోయాడు. ఆ ఆరేళ్ళలో ఇద్దరూ ఎదురుపడ్డది నాలుగైదుసార్లు. ఎదురుపడ్డప్పుడల్లా "బాగున్నావా", "బాగున్నాను" అన్నంతవరకే. ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు మామకి మాట పడిపోయి ఉంది. అల్లుడి చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూసి, పగుళ్ళ మీద బొటనవేలితో రాశాడు. అందులో ప్రేమ ఉందో, ఇంకేమన్నా ఉందో మేస్త్రికి ఇప్పటికీ తెలీదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. మేస్త్రికి అరవై అయిదు నిండాయి. కాలం మళ్ళీ ఇంకో పక్కకి పొర్లింది. ఇప్పుడు డబ్బున్నవాళ్ళకి పాత బండి పాతగానే కావాలి. బజారులో పెద్ద బట్టల కొట్టున్న ఒకాయన ఈ పిచ్చిలో పడి, ఒక చిన్న ఆకుపచ్చ బండిని లారీ మీద ఎక్కించుకుని షెడ్డుకి తెచ్చాడు. చేతిలో ఏదో పాత పుస్తకంలోంచి తీయించిన బొమ్మల కాగితాలు.

"మేస్త్రీ, ఇది పుట్టినప్పుడు ఎలా ఉందో అలా కావాలి. ఇదుగో, ఇక్కడ చెయ్యి ఉండాలట. ఎవడో మహానుభావుడు మూసేశాడు."

మేస్త్రి స్తంభం మీద చెయ్యి జార్చాడు. ఏమీ తగల్లేదు. వేలి కణుపుతో కొడుతూ చెవి ఆనించి విన్నాడు. ఒకచోట మోత మారింది. అక్కడ గరుకు కాగితం పెట్టి మూడు పొరల రంగు దింపాడు. ఆకుపచ్చ కింద ఎరుపు, ఎరుపు కింద మీగడ రంగు.

"చేసినవాడెవడో గానీ పనిమంతుడు సార్" అన్నాడు.

లప్పం రాలి అతుకు బయటపడింది. మూడు చుక్కలు వెల్డింగు, కాస్త ఎడం, మళ్ళీ మూడు చుక్కలు. రేకు వేడికి వంకర పోకుండా అలా ఆగి ఆగి అతకడం మేస్త్రి సొంతంగా అలవాటు చేసుకున్న పద్ధతి. ఇంకెవరూ అలా అతకరు. మేస్త్రి అతుకు వంక చూస్తూ ఉండిపోయాడు. తన పనిని తనే పోల్చుకోలేకపోయాడు.

బట్టల కొట్టాయన వెళ్ళాక లోపలివైపు రంగు కూడా దింపాడు. భుజం ఎత్తున లప్పం బిళ్ళలా ఊడి చేతిలో పడింది. దాని కింద పిడికెడు మేర మెరిసే గుంట. ఇది టీచరమ్మ బండే. అప్పుడు లప్పం పెడుతూ, ఇక్కడెందుకు అరిగింది అన్న ఆలోచనే తనకి రాలేదు. మేస్త్రి డ్రైవరు సీట్లో కూర్చుని, మోచెయ్యి వెనక్కి మడిచి, గుప్పిట ఆ గుంటలో ఆనించాడు. సరిగ్గా సరిపోయింది. పదిహేనేళ్ళు ఒక మనిషి రోజూ ఇక్కడ గుద్దితే గాని ఇనుము ఇంత అరగదు.

ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"ఏమైంది?" అంది భార్య.

"మా మామ అప్పుడన్న మాట నిజమే."

"ఏ మాట? ఆయన నీతో అన్నవే తక్కువ కదా" అంది ఆవిడ.

టీచరమ్మ ఉందో లేదో కనుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది. బడి వెనక రెండో వీధిలో చెల్లెలితో కలిసి ఉంటోందని బడి గుమాస్తా చెప్పాడు. ఒక మధ్యాహ్నం మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. ముందు గదిలో కిటికీ పక్కన పడక కుర్చీ, చిన్న రేడియో, గోడకి వరసగా తరగతుల ఫోటోలు. ఆవిడకి ఎనభై దగ్గర పడుతున్నాయి. చూపు దాదాపు పోయింది. గొంతు మాత్రం అదే. పేరు చెప్పగానే, "నత్తిపిల్ల నాన్నగారా" అంది నవ్వుతూ.

మేస్త్రి కూర్చుని, వచ్చిన పని ఎలా మొదలుపెట్టాలో తెలీక, "అమ్మా, మీ బండి మళ్ళీ నా దగ్గరికొచ్చింది" అన్నాడు.

ఆవిడ రేడియో కట్టేసింది.

"లోపల స్తంభం మీద ఒక గుంట ఉందమ్మా. సారు అక్కడ కొట్టేవారా?"

"మలుపు వస్తే కొట్టేవారు. మలుపు లేకపోయినా కొట్టేవారు" అంది ఆవిడ. "ఆయన ఆఫీసుకి బడి ముందునుంచే దారి. నేను పాఠం చెబుతుంటే కిటికీలోంచి రోడ్డు కనపడేది. బండి బడి దగ్గరికి రాగానే చెయ్యి లేచేది. అక్కడ మలుపే లేదు. వెనక వచ్చేవాళ్ళు తిట్టుకునేవాళ్ళు. ఆ దిక్కుమాలింది ఒక్క దెబ్బకి లేచేది కాదు, టక్ టక్‌మని రెండుసార్లు కొట్టడం నాకు గదిలోకి వినపడేది. పిల్లలు 'టీచర్, మీ సారు' అని నవ్వేవాళ్ళు. పదిహేనేళ్ళు."

మేస్త్రి తల వంచుకున్నాడు.

"అప్పుడే ఒక్క మాట అని ఉంటే పోయేది కదమ్మా. తిట్టినా బాగుండేది."

"అనాలనే అనుకున్నాను. మీ ముఖం చూశాను. పండగ్గా ఉన్నారు. నా కోసం అంత చేసి నిలబడ్డ మనిషిని ఏమనను? ఇంటికెళ్ళాక ఏడ్చాను. ఆ బండి గుమ్మంలో ఉంటే ఎవరో చుట్టాలు వచ్చి పోకుండా ఉన్నట్టుండేది. అందుకే అమ్మేశాను. నేనూ సరిగ్గా చెప్పలేదు లెండి. అంతే చాలు అంటే అర్థమవుతుందనుకున్నాను. నలభయ్యేళ్ళు పిల్లలకి విడమరిచి చెప్పినదాన్ని, అక్కడ మాత్రం చెప్పలేదు" అంది.

మేస్త్రి షెడ్డుకి తిరిగొచ్చి పని మొదలుపెట్టాడు. బట్టల కొట్టాయన స్నేహితుల ద్వారా ఎక్కడో చచ్చిన బండిలోంచి ఒక జత చేతులు సంపాదించాడు. స్తంభంలో గాడి మళ్ళీ కోశాడు మేస్త్రి. ఎన్నో గాడులు మూసిన మనిషికి గాడి కొయ్యడం కొత్త, రెండుసార్లు కొలత తప్పింది. వెనక తెర, తాడు, తెరుచుకునే అద్దం, అన్నీ బొమ్మలు చూసి, జ్ఞాపకం తెచ్చుకుని పెట్టాడు. నల్ల రంగు కొట్టాడు. లోపలి గుంట మీద మాత్రం రంగు వెయ్యలేదు. "అదేంటి, అక్కడ వదిలేశావు?" అన్నాడు బట్టల కొట్టాయన. మేస్త్రి ఆయన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాడు. ఆయన విని, "అయితే తీసుకెళ్ళే ముందు ఒకసారి ఆవిణ్ణి ఎక్కించు" అన్నాడు.

టీచరమ్మని చెల్లెలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తలుపు తీయగానే ఆవిడ తడుముకోకుండా ఎక్కి ముందు సీట్లో, తను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. చేత్తో డాష్‌బోర్డు తడిమింది, ముందు అద్దం పిడి తిప్పింది. అద్దం తెరుచుకుంటే గాలి ముఖానికి తగిలి కళ్ళు మూసుకుంది. మేస్త్రి డ్రైవరు సీట్లో కూర్చుని బడి ముందునుంచి నెమ్మదిగా పోనిచ్చాడు. బడి దగ్గరికి రాగానే మీట నొక్కాడు. చెయ్యి లేచింది.

ఆవిడ చెవి అటు పెట్టి కూర్చుంది. బండి బడి గోడ దాటింది.

"ఇంకా లేపలేదా?" అంది.

"లేచిందమ్మా. లేచే ఉంది."

"చప్పుడు కాలేదే."

మేస్త్రికి అప్పుడు తట్టింది. వారం రోజులు కూర్చుని ఆ చేతిని ఇప్పదీసి, కీలు కీలుకీ తుప్పు గీకి, నూనె పట్టించి, వెన్నలో వేలు పెట్టినంత మెత్తగా లేచేలా చేశాడు. ఈసారీ నున్నగానే చేశాడు. బండి రోడ్డు వారగా ఆపాడు.

"కీలు కాస్త బిగిస్తే మొరాయిస్తుందమ్మా. రేపటికి చేసి తెస్తాను. కొడితే గాని లేవకుండా చేస్తాను."

"వద్దు మేస్త్రిగారూ" అంది ఆవిడ మెత్తగా. "మీరు మొరాయించేలా చేస్తే మొరాయించడం వేరు. అది దాని బుద్ధి కొద్దీ మొరాయించేది." చెయ్యి వెనక్కి చాపి, రెండు సీట్ల మధ్యనుంచి డ్రైవరు పక్క స్తంభాన్ని తడిమి, గుంటలో నాలుగు వేళ్ళు పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. "ఇది ఉంచారు. చాలు" అని, అంతలోనే తను అన్న మాట తనకే వినపడినట్టు, "ఈసారి నిజంగానే చాలు" అంది.

మర్నాడు బట్టల కొట్టాయన బండి తీసుకెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం మేస్త్రి అత్తయ్య దగ్గరికి వెళ్ళాడు. మామ పోయాక ఆవిడ ఒంటరిగా ఆ ఇంట్లోనే ఉంటోంది, చిన్నకొడుకు పక్క వాటాలో ఉంటాడు. మేస్త్రి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని, టీచరమ్మ బండి సంగతీ, షెడ్డులో నలుగురి ముందు తను మామని అన్న మాటలూ, మామ మాటే నిజమయిన సంగతీ మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతూ వింది.

"ఇదంతా ఆయనున్నప్పుడు వచ్చి చెప్పాల్సిందిరా" అంది చివరికి. "ఆ ఆరేళ్ళూ వీధిలో బండి చప్పుడైతే తల ఎత్తి చూసేవాడు. ఇప్పుడు నాకు చెప్తే నేనేం చేసుకోను?"

"నిజమే అత్తా."

"నీ మీద కోపం ఉండేది కాదు, అది కూడా చెప్తున్నా విను. స్టవ్వు బాగుచేసుకుందామని వచ్చినవాళ్ళకి కూడా చెప్పేవాడు, మా అల్లుడి చెయ్యి పడితే రేకు నీళ్ళయిపోతుందని."

మేస్త్రి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అత్తయ్య తరిగిన ముక్కలు గిన్నెలో వేసి లేచింది.

"ఎండలో పడి వచ్చావు. కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతాను" అంది.